ధోని 148 కొట్టిన రోజు స్టేడియంలో ఉన్నావా? – ఇంకా నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లో మ్యాచ్ పడిందంటే చాలు, ఇంట్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఆఖరికి పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నా ఎవరో ఒకరు ఆ బంతి గురించి అడుగుతూనే ఉంటారు. ఒకటే జవాబు ఇరవై ఏళ్ళుగా చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇది పంపించేస్తా, వాళ్ళకీ హాయి నాకూ హాయి.

నువ్వు వైజాగోడివే కదా, ధోని 148 కొట్టిన రోజు స్టేడియంలో ఉన్నావా?

లేను.

2005 ఏప్రిల్ 5, మంగళవారం, పాకిస్తాన్‌తో మ్యాచ్, పీఎం పాలెం కొత్త స్టేడియంలో మొట్టమొదటి వన్డే. నాకేమో ఆ రోజు డిగ్రీ పరీక్ష, పేపరు స్టాటిస్టిక్స్. ధోని అప్పటికి నాలుగే వన్డేలు ఆడాడు, వాటిలో పెద్దగా ఏం కొట్టలేదు, ఆ జులపాల జుట్టు కుర్రాడు వన్ డౌన్‌లో దిగుతాడనీ 123 బంతుల్లో 148 కొడతాడనీ ఎవడు కలగన్నాడు గురూ, కలగనుంటే ఆ పేపరు సప్లిమెంటరీలో రాసుకునేవాణ్ణి. నేను పరీక్ష రాసి మద్దిలపాలెం వచ్చి పాన్ షాపు టీవీ ముందు నిలబడేసరికి ఆయన ఇన్నింగ్స్ అయిపోయింది. షాపాయన నా మొహం చూసి, పరీక్ష పోయిందేమో అనుకుని ఒక సోడా ఊరికే ఇచ్చాడు.

మా స్టేడియంలో పట్టేది ముప్ఫై వేల లోపే. "ఆ రోజు నేను గ్రౌండులోనే ఉన్నా" అని నాతో చెప్పినవాళ్ళందరినీ కూర్చోబెట్టాలంటే పక్కన ఇంకో రెండు స్టేడియంలు కట్టాలి. నేను మాత్రం నిజమే చెప్తున్నా, లేను.

పోనీ అక్కడ ఇంకేవైనా గొప్ప మ్యాచ్‌లు చూశావా?

ఇక్కడే నా జాతకం బయటపడుతుంది. చూశా, కానీ చూడాల్సిన ముక్క తప్ప మిగతాది చూశా.

2016 అక్టోబర్ 29, న్యూజిలాండ్‌తో వన్డే, మర్నాడు దీపావళి. వాళ్ళకి 270 టార్గెట్, ఇంకేం చాలా సేపు పడుతుంది కదా అని, టీవీలో మ్యాచ్ వదిలేసి పిల్లల కోసం మతాబులూ చిచ్చుబుడ్లూ తెద్దామని బయటికెళ్ళా. బేరం ఆడి, చిచ్చుబుడ్డి బాక్సు తడిసిందేమో చూసుకుని, ఇంటికొచ్చేసరికి న్యూజిలాండ్ 79 ఆలౌట్. అమిత్ మిశ్రాకి 18 పరుగులకి 5 వికెట్లు. పట్టుమని పాతిక ఓవర్లు ఆడలేదు వాళ్ళు, నేను కొన్న కాకరపువ్వొత్తి కూడా అంతకంటే ఎక్కువసేపు వెలిగింది.

2018 అక్టోబర్ 24, వెస్టిండీస్. ఈసారి టికెట్ కొనుక్కుని గ్రౌండుకే వెళ్ళా. కోహ్లీ 205వ ఇన్నింగ్స్‌లో పదివేల పరుగులు దాటడం కళ్ళారా చూశా, ఇది ఒక్కటీ నా ఆస్తి, దీన్ని ఎవడూ లాక్కోలేడు. ఆయన 157 నాటౌట్, మనం 321. ఛేజింగ్‌లో ఇంకో రెండు ఓవర్లు ఉన్నాయనగా మా బావమరిది "బావా, ఇప్పుడు లేస్తే బండి బయటికొస్తుంది, లేకపోతే ఎండాడ దాకా నడుచుకుంటూ తోసుకెళ్ళాలి" అన్నాడు. వాడి మాట విన్నా. హైవే ఎక్కాక వెనకనుంచి అరుపులు వినిపించాయి, గెలిచాం అనుకుని హారన్ కూడా కొట్టా. ఇంటికొచ్చాక తెలిసింది, ఆఖరి బంతికి 5 కావాల్సొస్తే షై హోప్ ఫోర్ కొట్టాడు, మ్యాచ్ టై. టై అయిన మ్యాచ్‌కి హారన్ కొట్టినవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే.

ఇంక 2023 మార్చి 19, ఆదివారం, ఆస్ట్రేలియాతో. అత్తారింట్లో భోజనం. మావయ్య గారు "ఫస్ట్ బ్యాటింగ్ మనదే కదా, నిదానంగా తినండి అల్లుడుగారూ" అన్నారు, పులసో బొమ్మిడాయో కాదులెండి మామూలు వంజరం వేపుడే, కానీ రెండోసారి వడ్డించారు. నేను గేటు దగ్గరకి చేరేసరికి స్టార్క్ 5 వికెట్లు తీసి పడేశాడు, మనం 117. సీట్లో కూర్చుని చెమట తుడుచుకునేలోపు వాళ్ళు 11 ఓవర్లలో కొట్టేసి షేక్ హ్యాండ్లు ఇచ్చుకుంటున్నారు. డే అండ్ నైట్ మ్యాచ్‌కి టికెట్ కొంటే నైట్ రాకుండానే ఇంటికి పంపేశారు.

అసలు ముందే అన్నీ ప్లాన్ చేసుకుని వెళ్ళొచ్చు కదా?

చేసుకున్నా. 2014లో చేసుకున్నా.

అక్టోబర్ 14న వెస్టిండీస్‌తో వన్డే. నెల ముందే టికెట్, ఆఫీసులో సెలవు, టోపీ, వాటర్ బాటిల్ ఎవరు పట్టుకోవాలి, అన్నీ. అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు, కిటికీ అద్దాలు లోపలికి ఊగడం నేను ఆ రోజే చూశా. గాలి ఒక వైపు కొట్టి మధ్యలో ఆగి, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ రెండో వైపు నుంచి కొట్టింది, పొద్దున లేచి చూస్తే కొండల మీద పచ్చదనమే లేదు, ఎవరో గుండు గీసినట్టు. తర్వాత రోజులన్నీ పాల పేకెట్ కోసం లైను, పెట్రోలు కోసం లైను, నీళ్ళ ట్యాంకర్ కోసం లైను, ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్నవాళ్ళింటి ముందు లైను. మ్యాచ్ రద్దు అయిందన్న సంగతి కూడా నాకు ఆ లైనులోనే ఒకాయన చెప్పాడు, ఇద్దరం నవ్వుకున్నాం, ఎందుకంటే అప్పుడు మా ఇద్దరికీ కావాల్సింది రెండు బిందెల నీళ్ళు.

ఆ టికెట్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మా ఆవిడ పాత కాగితాలు తీసేసినప్పుడల్లా దాన్ని మాత్రం వదిలేస్తుంది, అడిగితే ఏం చెప్పదు.

స్టేడియానికి ఎలా వెళ్ళాలి, ఎన్నింటికి బయల్దేరాలి?

మర్రిపాలెం, ఎన్ఏడీ వైపు నుంచైతే హైవే మీద నేరుగా మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, జూ, ఎండాడ, తర్వాత పీఎం పాలెం. బయటూరి వాళ్ళు బీచ్ పక్కనే స్టేడియం ఉంటుందనుకుని ఆర్కే బీచ్‌లో దిగిపోతారు, అక్కడ మురీ మిక్స్చరు దొరుకుతుంది గానీ మ్యాచ్ దొరకదు. పాత మ్యాచ్‌లు ఊరి మధ్యలో మహారాణిపేట ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగేవి, మా నాన్నగారి తరంవాళ్ళు నడిచి వెళ్ళి నడిచి వచ్చేసేవాళ్ళు, వాళ్ళది వేరే వైభోగం.

ఎన్నింటికంటే, మీకు ఎన్నింటికి అనిపిస్తే దానికి రెండు గంటలు ముందు. మా అమ్మ అయితే "బేగి ఎల్లు, బేగి రా" అంటుంది. ఎల్లడం మన చేతిలో ఉంది, రావడం ట్రాఫిక్ పోలీసు చేతిలో ఉంది.

లోపలికి ఏం తీసుకెళ్ళనిస్తారు?

మిమ్మల్ని. ఫోన్‌ని. మిగతాదంతా గేటు దగ్గర కుప్పలో పడేయిస్తారు, పవర్ బ్యాంకులూ హెల్మెట్లూ ఇంట్లో పెట్టి రండి.

ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటి? (మావయ్య గారు, ప్రతి మ్యాచ్‌కి)

బంతి వికెట్లకి తగలాల్సింది, మధ్యలో కాలు అడ్డం వచ్చింది, అది అవుట్. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. ఆ తర్వాత, లెగ్ స్టంప్ బయట పిచ్ అయితే మాత్రం అవుట్ ఇవ్వరు అంటానా, ఆయన "అది వెళ్ళి వికెట్‌కి తగుల్తుందా లేదా?" అంటారు, తగుల్తుందండీ అంటా, "మరి అవుటే కదా" అంటారు. పద్నాలుగేళ్ళ నుంచి ఈ ఓవర్ ఇక్కడే ఆగింది.

అంపైర్ చెప్పినదాన్ని టీవీ రీప్లేలో మళ్ళీ చూసే డీఆర్ఎస్ వచ్చాక ఇంకా కష్టం. బంతి సగం కంటే తక్కువ వికెట్‌కి తగిలేట్టుంటే అంపైర్ ముందేది చెప్తే అదే ఖాయం, దాన్నే అంపైర్స్ కాల్ అంటారు. మా ఇంట్లో ఈ రూల్ మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఏసీ వెయ్యాలా వద్దా, ఆదివారం సినిమాకా సింహాచలానికా, నేను ఎన్ని రివ్యూలు తీసుకున్నా స్క్రీన్ మీద పడేది అంపైర్స్ కాలే, అంపైర్ మా ఆవిడే.

డక్‌వర్త్ లూయిస్ ఎవరికైనా అర్థమైందా?

మా ఆవిడకి అయింది. నాకంటే బాగా. ఒకసారి వాన పడి మ్యాచ్ ఆగితే టార్గెట్ ఎందుకు మారిందని నేను బుర్ర గోక్కుంటుంటే ఆవిడ చిక్కుడుకాయలు తుంపుతూ చెప్పింది: "సిలిండర్లో గ్యాస్ ఎంతుంది, బుట్టలో కూరలెన్ని ఉన్నాయి, ఈ రెండూ చూసి ఇంకా ఎంతమందికి వండగలనో లెక్కేసుకోనూ? గ్యాస్ ఉండి కూరలు లేకపోతే ఏం లాభం, కూరలుండి గ్యాస్ అయిపోతే ఏం లాభం?" అంతే. గ్యాస్ అంటే మిగిలిన ఓవర్లు, కూరలు అంటే చేతిలో ఉన్న వికెట్లు. 1997 నుంచి వాడుతున్న లెక్క, తర్వాత స్టెర్న్ అనే ఆయన పేరు కూడా చేర్చి డీఎల్ఎస్ అన్నారు, ఇన్నేళ్ళలో నేను చూసిన ఏ కామెంటేటరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

మ్యాచ్ అప్పుడు ఎవరినీ కదలనివ్వవట, నిజమేనా?

నిజం. తప్పేం ఉంది?

భాగస్వామ్యం నడుస్తున్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడే. మా చిన్నాడు ఒకసారి అరగంట పాటు ఒంటి కాలు చెప్పులో పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు, పాపం ట్యూషన్‌కి వెళ్తున్నాడు, వెళ్తుండగా ఫోర్ పడింది, ఆపేశా. దీని వల్ల మొదట నష్టపోయినవాణ్ణి నేనే. 2011 ఏప్రిల్ 2, వరల్డ్ కప్ ఫైనల్, సచిన్ అవుటయ్యాక దిగులుతో బాల్కనీలోకి వెళ్తే అప్పటినుంచి గంభీర్ నిలబడిపోయాడు. లోపలికి రానంటే రానన్నా. రెండు గంటలపైన అక్కడే. కులశేఖర బంతిని ధోని సిక్స్ కొట్టినప్పుడు నేను తీగ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య ఉన్నా, దేశమంతా చూసిన సిక్స్‌ని నేను విన్నా. కప్పు ఎవరి వల్ల వచ్చిందో ఇప్పటికైనా తెలుసుకోండి.

మీ వీధిలో ఆడే రూల్స్ చెప్తారా, మా అపార్ట్‌మెంట్ పిల్లలకి కావాలి.

రాసుకోండి. పంటలు వేసి టీంలు పంచుకోవాలి. బ్యాటింగ్ ఎవరు ముందో తేలడానికి ఒకడు వంగితే వాడి వీపు వెనకాల వేళ్ళు చూపించి నంబర్లు అడగాలి, వాడు చెప్పిందే ఆర్డరు. వికెట్లు అంటే గోడ మీద బొగ్గుతో మూడు గీతలు, బంతి తగిలిందా లేదా అన్నది బంతి మీద మసి ఉందో లేదో చూసి తేల్చాలి, ఇది హాక్ ఐ కంటే పాత టెక్నాలజీ, దీని మీద అప్పీలు లేదు. ఫస్ట్ బాల్ ట్రయల్. వన్ పిచ్ వన్ హ్యాండ్ క్యాచ్ అవుట్. బంతి మేడ మీద పడితే అవుట్, పోలీసు గారింట్లో పడితే అవుట్ ప్లస్ కొట్టినోడే వెళ్ళి తేవాలి. కాలవలో పడితే తీసినోడు కుళాయి దగ్గర కడిగేదాకా డెడ్ బాల్, కడిగిన బంతి మొదటి రెండు ఓవర్లు తెగ స్వింగ్ అవుతుంది అని మేం నమ్మేవాళ్ళం. ఆడేవాళ్ళు బేసి సంఖ్య అయితే మిగిలినోడు రెండు టీంలకీ ఆడతాడు. ఇంకా చిన్న గుంటడైతే ఆటలో అరటిపండు, వాడు అవుటయినా అవుట్ కాదు, రెండు బంతులు వేసి పంపేయాలి, ఏడిస్తే మూడు.

ఐపీఎల్ వాళ్ళు 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ అని గొప్పగా తెచ్చారు. మా వీధిలో ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చినవాణ్ణి మధ్యలో దింపడం అప్పటికే ముప్ఫై ఏళ్ళ ఆచారం.

కెప్టెన్ ఎవరు ఉండాలి?

బ్యాటు ఎవడిదో వాడు. ఇది అన్యాయం కదా అని అడుగుతారు, అన్యాయమే, కానీ మేం కనిపెట్టింది కాదు. మాకు గంట దూరంలో ఉన్న విజయనగరం రాజకుమారుడు విజ్జీ గారు, సొంత డబ్బుతో టీం పెట్టి 1930ల మొదట్లో ఇంగ్లండ్ మేటి బ్యాటర్లు హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ మన దేశం రప్పించి ఆడించిన మనిషి, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన ఇండియా టీంకి కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. మధ్యలో లాలా అమర్‌నాథ్‌ని టూరు నుంచి వెనక్కి పంపించేశారు కూడా. మా వీధిలో బ్యాటు ఓనరు కూడా అంతే, వాడి బౌలింగ్‌లో సిక్స్ కొట్టినోణ్ణి ఇంటికి పంపించేసేవాడు, తర్వాత బ్యాటు చంకలో పెట్టుకుని తనూ వెళ్ళిపోయేవాడు. ఉత్తరాంధ్ర సంప్రదాయం అనుకోండి.

ఒరే నాన్నా, వాళ్ళ చొక్కాల మీద ఆడపేర్లున్నాయేట్రా? (అమ్మ)

ఇది 2016 దీపావళి ముందు రోజు మ్యాచే, నేను మతాబులకి వెళ్ళకముందు అడిగింది. ఆ రోజు మనవాళ్ళు వాళ్ళ అమ్మల పేర్లున్న జెర్సీలు వేసుకున్నారు, ధోని వీపు మీద దేవకి, కోహ్లీ వీపు మీద సరోజ్. చెప్పా. అమ్మ టీవీకి దగ్గరగా జరిగి కూర్చుని ఒక్కొక్క పేరూ చదివించుకుంది. మొత్తం విన్నాక, "నువ్వూ సరిగ్గా ఆడుంటే నా పేరూ టీవీలో వచ్చీది కదరా" అంది. దీనికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు, అందుకే బయటికెళ్ళిపోయా, అందుకే 79 ఆలౌట్ మిస్సయ్యా. అన్నిటికీ కారణాలుంటాయి.

2023 వరల్డ్ కప్ ఫైనల్ ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయాక క్రికెట్ మానేస్తా అన్నావట?

అన్నా. నవంబర్ 19 రాత్రి అన్నం తినకుండా, పిల్లల మీద ఒట్టేసి కాదు గానీ, గట్టిగానే అన్నా. యాప్ కూడా తీసేశా.

నవంబర్ 23న ఇక్కడ అదే ఆస్ట్రేలియాతో టీ20 పెట్టారు. నాలుగు రోజులు! నాలుగు రోజుల్లో ఏ మనిషైనా మారతాడా చెప్పండి. పైగా టికెట్ మా కొలీగ్ ఊరికే ఇచ్చాడు. వెళ్ళా. వాళ్ళు 208, సూర్యకుమార్ 80, ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాలి, రింకూ సింగ్ సిక్స్ కొట్టాడు. ఈసారి ఎవరేమన్నా లేవలేదు, బావమరిది నంబర్ బ్లాక్ చేసి మరీ కూర్చున్నా, నా కళ్ళముందు బంతి లేచి వెళ్ళి పడింది, గొంతు పోయేలా అరిచా. తర్వాత చూస్తే అది నో బాల్ అట. నో బాల్ పరుగుతోనే మ్యాచ్ అయిపోయింది కాబట్టి సిక్స్ లెక్కలోకి రాదట. నేను పూర్తిగా చూసిన ఒకే ఒక్క ఆఖరి బంతి సిక్స్, స్కోరుబోర్డులో లేదు.

ఢిల్లీ వాళ్ళ హోం మ్యాచ్ వైజాగ్‌లో పెడితే స్టేడియం అంతా పసుపురంగు ఏమిటి?

2024 మార్చి 31, చెన్నైతో ఐపీఎల్ మ్యాచ్ గురించే కదా. పేపరు మీద ఢిల్లీ హోం టీం. కానీ గ్రౌండులో చూస్తే పెళ్ళికూతుర్ని చేస్తున్నట్టు ఎటు చూసినా పసుపే, అంటే ధోని ఆడే చెన్నై రంగు. ధోని ఆ సీజన్లో మొదటిసారి బ్యాటింగ్‌కి దిగాడు, 16 బంతుల్లో 37 నాటౌట్, చెన్నై 20 పరుగులతో ఓడింది, బయటికొస్తున్నవాళ్ళ మొహాలు చూస్తే కప్పు గెలిచినట్టున్నాయి. ఒక పెద్దాయన "148 రోజు ఉన్నానండి, మళ్ళీ ఇవాళ" అన్నాడు. ఉన్నారు లెండి, అందరూ ఉన్నారు.

నితీష్ రెడ్డి మీకు తెలుసా?

మా గాజువాక నుంచి ఇండియా టీంకి వెళ్ళిన కుర్రాడు కదా, అటువైపు ఎవరినైనా అడగండి, తెలుసనే చెప్తారు, కనీసం తెలిసినవాళ్ళు తెలుసు అంటారు. నాకు మాత్రం టీవీలోనే తెలుసు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి కథ ఊరంతటికీ తెలిసిందే, మా ఆఫీసులో ఒకాయన అది విన్న దగ్గర్నుంచి వాళ్ళబ్బాయి కిట్ బ్యాగ్ తనే మోస్తున్నాడు, వాడికేమో చెస్ ఇష్టం.

2024 డిసెంబర్ 28, ఆస్ట్రేలియాతో టెస్టు, మెల్‌బోర్న్. శనివారం, తెల్లవారుజామున లేచి కూర్చున్నా. వాషింగ్టన్ సుందర్‌తో భాగస్వామ్యం అంతా చూశా, ఒక్క బంతి వదల్లేదు. కుర్రాడు 99 మీద ఉండగా బుమ్రా అవుట్. సిరాజ్ దిగాడు. కమిన్స్ బంతులు మూడు ఆపాలి. మా ఇంట్లో గాలి పీల్చడం ఆపేశారు. సిరాజ్ ఆపాడు, ఒకటి, రెండు, మూడు, హైదరాబాదోడు వైజాగోడి కోసం అలా నిలబడ్డాడు, ఆ మూడు బంతులకి నేను దణ్ణం పెట్టా. ఓవర్ మారింది. కాలింగ్ బెల్ మోగింది.

సిలిండర్.

"సార్, ఓటీపీ చెప్పండి." ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. నేను గుమ్మంలో నిలబడి అంకెలు చదువుతుంటే లోపల ఇల్లంతా లేచిపోయింది. బోలాండ్ బంతిని నేరుగా మిడాన్ మీదుగా ఫోర్, సెంచరీ, వాళ్ళ నాన్న స్టాండ్‌లో ఏడుస్తున్నారు, అదంతా రీప్లేలో చూశా. ఆ సిలిండర్ అబ్బాయి మాత్రం లోపలికి తొంగి చూసి సరిగ్గా ఆ బంతి చూశాడు, "మాది గాజువాకే సార్" అన్నాడు. పోనీలే, చూడాల్సినవాడే చూశాడు. స్వీటు పెట్టి పంపించాం.

మీ అమ్మాయి క్రికెట్ ఆడుతుందా?

ఆడుతుంది, లెఫ్టార్మ్ స్పిన్, ఇంట్లో నన్ను రోజూ బౌల్డ్ చేస్తుంది. 2025 అక్టోబర్‌లో ఉమెన్స్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఇక్కడ పడినప్పుడు పట్టుబట్టి తీసుకెళ్ళింది. 12వ తారీకు ఆదివారం ఆస్ట్రేలియా మ్యాచ్, మనం 330 కొట్టి కూడా ఓడిపోయాం, అలిస్సా హీలీ 142. స్టేడియంలో మాజీ కెప్టెన్ మిథాలీ రాజ్ పేరుతో స్టాండు, మన ఆంధ్ర వికెట్ కీపర్ రావి కల్పన పేరుతో గేటు పెట్టింది కూడా ఆ రోజే. నేను ఓడిపోయామని నీరుగారిపోయి వస్తుంటే మా అమ్మాయి ఆ గేటు దగ్గర ఆగి పేరు రెండుసార్లు చదివి, "నాన్నా, గేటు చాలు, స్టాండు అంటే చాలా ఆడాలి కదా" అంది. తొమ్మిదేళ్ళది. బేరం అప్పుడే మొదలెట్టేసింది.

టాస్ గెలవడం అంత గొప్ప విషయమా?

మామూలుగా కాదు. కానీ 2023 ఫైనల్ నుంచి మొదలుపెట్టి వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడిపోయాం మనం. రెండుని ఇరవై సార్లు హెచ్చించుకుంటూ పోతే 10,48,576 వస్తుంది, అన్నిసార్లకి ఒకసారి జరగాల్సింది మనకి జరిగింది (ఆ స్టాటిస్టిక్స్ పేపరు పాసయ్యా, చెప్పలేదు కదూ). ఆ దరిద్రం వదిలింది వైజాగ్‌లోనే, 2025 డిసెంబర్ 6, సౌతాఫ్రికాతో. రాహుల్ ఎడమ చేత్తో ఎగరేశాడు, పడింది. ఇక్కడ సముద్రపు గాలికి రాత్రి మంచు పడి బంతి సబ్బులా జారుతుంది కాబట్టి ముందు బౌలింగే తీసుకున్నాడు, జైస్వాల్ సెంచరీ, 9 వికెట్లతో గెలిచాం.

మ్యాచ్ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా సీట్లోనే ఉన్నా. టాస్ అప్పుడు మాత్రం పార్కింగ్‌లో ఉన్నా.

ఆఫీసులో మ్యాచ్ రోజు సెలవుకి ఏం కారణం చెప్తారు?

ఇది మా మేనేజరు గారు కూడా చదివే అవకాశం ఉంది కాబట్టి వదిలేద్దాం. ఆ రోజుల్లో నిజంగానే జ్వరం వచ్చింది సార్.

పక్కింటివాళ్ళు ముందే అరిచేస్తున్నారు, ఏం చెయ్యాలి?

వాళ్ళది కేబుల్, మనది ఫోన్‌లో యాప్. యాప్‌లో బొమ్మ ఎక్కడెక్కడో తిరిగి మన దగ్గరకి వచ్చేసరికి కొన్ని సెకన్లు ఆలస్యం, ఆ సెకన్లలో పక్కింటాయన మన సస్పెన్స్ అంతా తినేస్తాడు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే స్కోరు. వాళ్ళింట్లోనే వెళ్ళి చూద్దామా అంటే ఆయన ప్రతి బంతికీ "నేను ముందే చెప్పా" అంటాడు. కొన్నాళ్ళు ఇయర్ ఫోన్స్ పెట్టుకుని చూశా, అప్పుడు కాలింగ్ బెల్ వినిపించక కూరలబ్బాయి వెళ్ళిపోయాడు, అంపైర్ గారు నాకు రెండు రోజులు పచ్చడన్నం వేశారు. ఇప్పుడు ఏం చేస్తున్నా అంటే, వాళ్ళ అరుపుని బట్టి ఏం జరిగిందో ఊహించడం నేర్చుకున్నా, చిన్న అరుపైతే ఫోరు, కుర్చీ జరిగిన చప్పుడుతో కలిపి అరుపైతే సిక్సు, అరుపు సగంలో ఆగి "ఛ" అంటే బౌండరీ దగ్గర క్యాచ్. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కన మ్యాచ్ నడుస్తోంది, ఆఖరి ఓవర్, రెండు బంతులు, ఎనిమిది కావాలి, ఫోన్ ఇటు పెట్టుకుని

పక్కింట్లో అరిచారు. కుర్చీ కూడా జరిగింది. నా ఫోన్‌లో బౌలర్ ఇంకా రనప్ మొదట్లో నిలబడి బంతి ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.